రెండో బొంబాయిలో ఒక రోజు

"మాది నందవరం" అనగానే బెంగళూరులో తెలుగువాళ్లు "చౌడేశ్వరమ్మ గుడి ఉండే ఊరేనా?" అంటారు. కాదు. ఆ నందవరం బనగానపల్లె దగ్గర, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. మాది కర్నూలు జిల్లా పడమర వైపు, ఎమ్మిగనూరు పక్కన ఉండే నందవరం. ఇంత చెప్పినా ఎదుటివాళ్ల ముఖంలో ఏమీ వెలగదు. "మంత్రాలయం తెలుసా?" అంటే తలూపుతారు. "ఆదోని?" అంటే మాత్రం కాస్త వయసైనవాళ్లు "ఆ.. పత్తి మార్కెట్!" అంటారు.

మా ఇంట్లో పట్నం అంటే ఆదోనే. అక్క పెండ్లి చీరలు, తాళిబొట్టు బంగారం, నా మొదటి ప్యాంటు గుడ్డ అక్కడే కొన్నారు. నా ఇంజినీరింగ్ ఫీజు కూడా అక్కడి నుంచే వచ్చింది. ఏటా పత్తి అమ్మిన రోజు సాయంత్రం నాయన చొక్కా లోపలి జేబులో పెట్టుకొచ్చే కట్టలోంచి నా కాలేజీకి విడిగా తీసి పెట్టేది అమ్మ. అయినా ఆదోనిని నేను సరిగ్గా చూసింది లేదు. రైలు దిగి బస్సెక్కే చోటుగానే తెలుసు.

మొన్న నవంబర్ చివర్లో నాయన ఫోన్ చేసి ఒక మాటన్నాడు. "వచ్చే ఏడు పత్తి పెట్టేది లేదు రా. సేను కౌలుకిచ్చేసి మీ అమ్మా నేనూ నీ కాడికే వచ్చేస్తాం."

నా రెండు గదుల ఫ్లాట్ చూసి "ఈ డబ్బాలో ఎట్లుంటార్రా?" అని రెండో రోజే ఊరికి బస్సెక్కిన మనిషి అన్న మాట ఇది. "చూద్దాం లే నాయనా" అని పెట్టేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి వారం ఒక రోజు సెలవు పెట్టి, పత్తి తీసుకుపోయే రోజు నేనూ మార్కెట్టుకు వస్తానన్నాను. "నువ్వొచ్చి ఏం సేస్తావు?" అన్నాడు. ఏం చేస్తానో నాకూ తెలీదు. ఊరికే చూడాలనిపించింది.

సుగ్గికి పోయే రైలు

ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఆదోనిలో ఆగేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ప్లాట్‌ఫారం మీద నాతోపాటు దిగినవాళ్ల కంటే గుంతకల్లు వైపు బండి కోసం కూర్చున్నవాళ్లే ఎక్కువ. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు కలిపి పాతిక, ముప్ఫై మంది ఉంటారు. బియ్యం మూటలు, ప్లాస్టిక్ బిందెలు, చుట్టిన దుప్పట్లు. ఏడెనిమిదేళ్ల పాప ఒకతె బడి సంచి వేసుకుని గోడకానుకుని నిద్రపోతోంది. జిప్పు సగం తెరిచి ఉంది. లోపల పుస్తకాలు లేవు, స్టీలు పళ్లేలు కనిపించాయి.

"యాడికక్కా?" అని వాళ్లమ్మను అడిగాను.

"సుగ్గికప్పా. గుంటూరు కాడికి."

సుగ్గి అనేది కన్నడ మాట. కోతల కాలం, ఆ కాలపు సంబరం అని దానికి అర్థం. మా వైపు దానికి ఇంకో అర్థం స్థిరపడిపోయింది. సొంతూళ్లో పని అయిపోయాక, ఇంటికి తాళం వేసి, ఇంకో ఊరికి కూలికి పోవడం. ఆదోని, ఆలూరు, మంత్రాలయం, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు పల్లెల నుంచి పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు, పల్నాడు వైపు పోతారు. భవనాల పనికి బెంగళూరు, హైదరాబాద్ పోతారు. ముసలోళ్లు ఇంటి దగ్గరే ఉంటారు. వాళ్లూ లేని ఇళ్లలో పిల్లలు తల్లిదండ్రులతోపాటే బండెక్కుతారు. వలస పోయే ఇళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లని ప్రభుత్వం నడుపుతుంది. అయినా ఆ పాప లాంటివాళ్లు ఏటా ప్లాట్‌ఫారం మీద కనిపిస్తూనే ఉంటారు.

నేను బెంగళూరు పోవడాన్ని మా ఊళ్లో 'జాబు' అంటారు. వాళ్లు గుంటూరు పోవడాన్ని 'సుగ్గి' అంటారు. రెండింటికీ ఆదోని స్టేషనే.

రాశి నంబరు, రేటు

స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని మార్కెట్ యార్డుకు చేరేసరికి నాయన గూడ్స్ బొలెరోతో వచ్చేసి ఉన్నాడు. ఎమ్మిగనూరు మీదుగా వచ్చే దారంతా పత్తి బండ్లే అన్నాడు. యార్డులో ఎటు చూసినా తెలుపు. బోరాలు విప్పి కుప్పలు పోస్తున్నారు. హమాలీల తలపాగాల మీద, టీ బండి మీద, కుక్కల వీపుల మీద కూడా పత్తి పింజలు.

ఆదోని మార్కెట్ రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. కర్నూలు జిల్లాయే కాదు, అనంతపురం వైపు నుంచి, కర్ణాటక నుంచి కూడా రైతులు ఇక్కడికి తెస్తారు. వేరుశనగ కూడా వస్తుంది. ఒకప్పుడు బుడ్డల సీజన్‌లో ఈ యార్డులో కాలు పెట్టే సందు ఉండేది కాదని నాయన అంటాడు.

అమ్మకం ఎట్లా జరుగుతుందో మొదటిసారి దగ్గర నుంచి చూశాను. ప్రతి రాశికీ ఒక నంబరు ఇస్తారు. కొనేవాళ్లు కుప్ప లోపలికి చేయి పెట్టి గుప్పెడు తీస్తారు. పై పత్తిని కాదు, లోపలి పత్తిని చూస్తారు. ఒక పింజను రెండు చేతుల వేళ్ల మధ్య పట్టి లాగితే పోగు ఎంత పొడవుందో, ఎంత బలంగా ఉందో తెలిసిపోతుంది. గింజ కొరికి తేమ చూసేవాళ్లూ ఉన్నారు. ఎవరూ పైకి రేటు చెప్పరు. ఎవరి ధర వాళ్లు టెండర్‌లో వేస్తారు. ఆదోని యార్డు ఈ-నామ్‌లో చేరాక ఇదంతా కంప్యూటర్‌కు ఎక్కింది. అన్నీ పోల్చి, ఎక్కువ ధర వేసినవాడికి ఆ రాశి. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాడిగా అంత తెల్లటి గందరగోళం వెనక ఇంత లెక్క ఉండటం ముచ్చటేసింది.

అయితే రైతు చూసేది లెక్కను కాదు, రేటును. మావి రెండు రాశులు. మొదటి తీత తొమ్మిది క్వింటాళ్లు, క్వింటాలు 7,050 రూపాయలు పలికింది. అక్టోబర్ వానకు తడిసి రంగు మారిన రెండో తీత ఐదు క్వింటాళ్లు, 5,300 పలికింది. మొత్తం 89,950.

చెట్టు కింద కూర్చుని నా ఫోన్‌లో షీట్ తెరిచాను. నాయన చెబుతుంటే నేను కొట్టాను. నాలుగెకరాలకు ఎనిమిది విత్తన ప్యాకెట్లు, ఒక్కోటి 901 రూపాయలు. సేద్యం, గుంటక, కలుపు 32,000. ఎరువులు, మందులు 24,500. కిలోకు 12 చొప్పున పత్తి విడిపించిన కూలి 16,800. బండి బాడుగ, హమాలీ, కమీషన్ 4,300. మొత్తం 84,808. మిగిలింది 5,142 రూపాయలు. జూన్ నుంచి నవంబర్ దాకా ఆరు నెలలు ఇద్దరు మనుషుల కష్టం. వాళ్ల సొంత కూలి అందులో వేయలేదు.

"ఇంగో తీత ఉంది లే" అన్నాడు నాయన, నేనేదో బాధపడతానని.

కోట కింద సంత

టెండర్ రేట్లు వచ్చేదాకా మధ్యలో రెండు గంటల ఖాళీ దొరికింది. నాయనను చెట్టు కిందే వదిలి ఊళ్లోకి వెళ్లాను.

ఆదోనిలో ఎక్కడ నిలబడినా తలెత్తితే కొండలు కనిపిస్తాయి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే పెద్ద పెద్ద బండలు. వాటి మీద కోట. బారాకిల్లా, తాలిబండ అనే రెండు కొండలు చుట్టూ ఉన్న మైదానం కంటే సుమారు 800 అడుగుల ఎత్తు ఉంటాయి. విజయనగర రాజులకు ఇది ముఖ్యమైన కోట. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత కొన్నేళ్లకే బీజాపూర్ సుల్తానుల చేతికి పోయింది. ఆ తర్వాత మొఘలులు, నిజాములు. 1786లో టిప్పు సుల్తాన్ పట్టుకున్నాడు. చివరికి 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు వదిలేసిన దత్తమండలాల్లో ఆదోని కూడా పోయింది. ఇన్ని చేతులు మారిన ఊరు రాయలసీమలో తక్కువ.

బీజాపూర్ తరఫున ఇక్కడ పాలించిన సిద్దీ మసూద్ ఖాన్ పేరు రెండు చోట్ల వినిపిస్తుంది. ఒకటి ఊళ్లోని షాహీ జామియా మసీదు. ఆయన కట్టించిందే. రెండోది మంత్రాలయం. రాఘవేంద్ర స్వామి 1671లో బృందావనస్థులైన ఆ మంచాల గ్రామాన్ని స్వామికి ఇచ్చింది ఈ ఆదోని నవాబే అని మఠం సంప్రదాయం చెబుతుంది. ఒకే పాలకుడి పేరు మసీదులోనూ, మఠం కథలోనూ వినిపించే ఊరు మాది. బజారులో కూడా అంతే. ఒకే అంగట్లో సావుకారి తన ఇంటివాళ్లతో మార్వాడీలో, హమాలీతో ఉర్దూలో, హొళగుంద నుంచి వచ్చిన రైతుతో కన్నడంలో, నాతో తెలుగులో మాట్లాడతాడు.

కన్నడం ఎందుకంటే, 1953 అక్టోబర్ 1 దాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. మిగతావి మైసూరుకు పోయాయి. మా జేజి చివరిదాకా జిల్లా అంటే బళ్లారే అనుకునేది.

ఇక్కడ పత్తి మార్కెట్ ఎందుకు పుట్టిందంటే కారణాలు రెండు. నేల మొదటిది. వాన అటూ ఇటూ అయినా కొన్నాళ్లు తేమను పట్టి ఉంచే నల్లరేగడి చుట్టూ ఉంది. రెండోది రైలు. మద్రాసు నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరులో బొంబాయి లైనుతో కలిసింది. దాంతో బళ్లారి, ఆదోని ప్రాంతపు పత్తికి బొంబాయి రేవు దాకా దారి దొరికింది. పత్తి వ్యాపారంలో ఈ పడమటి పత్తికి 'వెస్టర్న్స్' అని విడిగా పేరుండేది. 1865లోనే ఆదోని మునిసిపాలిటీ అయింది. పత్తి, నూనె, బట్టలు, బంగారం కలిసి ఊరిని 'రెండో బొంబాయి' అనిపించాయి. చుట్టుపక్కల జిల్లాల చిల్లర వ్యాపారులు బట్టల కోసం ఇప్పటికీ ఇక్కడికి వస్తారు.

అదే రైలు లైను పడిన ఆరేడేళ్లకే, 1876–78లో, ధాత కరువు బళ్లారి, కర్నూలు ప్రాంతాలను తుడిచిపెట్టింది. పత్తిని సముద్రం దాకా మోసే పట్టాలున్నా, ఇక్కడి కడుపులు నిండలేదు.

బ్రెజిల్‌లో కాసిన పత్తి, ఆదోనిలో రేటు

తిరిగొచ్చేసరికి నాయన పక్కన ఇద్దరు రైతులు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. కేంద్రం ప్రకటించిన మద్దతు ధర పొడుగు పింజ పత్తికి 2025–26 సీజన్‌లో 8,110. ఇక్కడ 7,050 ఎందుకు పలికిందన్నది వాళ్ల మాట.

ఈ రేటు మా యార్డులో పుట్టేది కాదు. 2025 ఆగస్టులో బయటి దేశాల పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం ఎత్తేసింది. ముందు సెప్టెంబర్ చివరి దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అదే నెలలో అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసింది. బట్టలు ఎగుమతి చేసే మిల్లులకు చవక పత్తి కావాలి. పత్తి ఎగుమతిలో అమెరికానే దాటేసిన బ్రెజిల్ నుంచి అది దొరుకుతుంది. అక్కడ వేల ఎకరాల చేన్లు, ఇంటి అంత యంత్రాలు. ఇక్కడ మా అమ్మ, ఆమె వీపున కట్టుకున్న చీర కొంగు సంచి. రెండూ ఒకే బజారులో పోటీ పడతాయి.

మద్దతు ధర కావాలంటే సీసీఐకి అమ్మాలి. దానికి పంట ఈ-క్రాప్‌లో నమోదై ఉండాలి. కపాస్ కిసాన్ యాప్‌లో పేరు చేర్చుకుని, స్లాట్ తీసుకుని, ఆ రోజు వాళ్లు చెప్పిన జిన్నింగ్ మిల్లుకు తీసుకుపోవాలి. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర. 12 దాకా కోతతో కొంటారు. దాటితే కొనరు. నాయన మొదటి రెండు తీతలు యార్డుకే తెచ్చాడు. కూలోళ్లకు ఆ వారమే డబ్బివ్వాలి. ఒక్క మొదటి రాశికే పూర్తి మద్దతు ధర వచ్చుంటే 9,540 రూపాయలు ఎక్కువొచ్చేవి. అంటే ఆరు నెలల్లో మాకు మిగిలినదానికి దాదాపు రెండింతలు.

ఈ మాట నాయనకు చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పాను. "మూడో తీతకు సూద్దాం" అన్నాడు. నాలుగు రోజుల ముందు పత్తే వద్దన్న మనిషి.

నీళ్లు వచ్చే దూరం

మధ్యాహ్నం ఒక హోటల్లో జొన్నరొట్టె, గురుగాకు పప్పు తిన్నాం. చేయి కడుక్కునే చోట కొళాయి కింద బిందె పెట్టి, అందులోంచి చెంబుతో ముంచుకోమన్నారు. "ఈ రోజు నీళ్లు రాలేదు సార్" అన్నాడు పిల్లాడు.

2011 జనాభా లెక్కలకే ఆదోని లక్షా అరవై వేలు దాటింది. ఇంత ఊరికీ తాగునీటికి ప్రధాన ఆధారం బసాపురం దగ్గరి సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు. అది నిండేది తుంగభద్ర దిగువ కాలువ నీళ్లతో. ఆ కాలువ కర్ణాటకలో హొసపేట దగ్గరి తుంగభద్ర డ్యాం నుంచి బయల్దేరి, సుమారు 250 కిలోమీటర్లు అక్కడే తిరిగి, తర్వాత మన రాష్ట్రంలోకి వస్తుంది. మన వాటా 24 టీఎంసీలు, దాని కింద కర్నూలు జిల్లాలో లక్షన్నర ఎకరాల ఆయకట్టు. కాగితం మీది లెక్క ఇది. డ్యాం కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని ఇప్పుడు 105 టీఎంసీలకు వచ్చింది. తగ్గిన నీళ్లు అందరికీ తగ్గుతాయి. కాలువ చివర ఉన్నవాళ్లకు ముందుగా తెలుస్తుంది.

2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ రాత్రి మా ఊళ్లో ఎవరూ నిద్రపోలేదు. ఒకవైపు నీళ్లు పోతున్నాయన్న బాధ, ఇంకోవైపు వరద వస్తుందన్న భయం. వరద మాకు తెలుసు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగింది. మా మండలంలోని నాగలదిన్నె మునిగింది, అక్కడి వంతెన కొట్టుకుపోయింది. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఎండకు నెర్రెలిచ్చే మా నేల మీద పడవ తిరగడం చూశాను. ఏడాదికి అరవై సెంటీమీటర్లు పడే వానకే ఎదురు చూసే చోట, నీళ్లు వస్తే అట్లా వస్తాయి.

గేటు పోయాక డ్యాం గేట్లన్నిటినీ పరిశీలించారు. మొత్తం 33 గేట్లూ మార్చాలని తేల్చారు. గేట్లు బిగించే పని కోసం 2025–26లో రెండో పంటకు నీళ్లు ఇవ్వలేదు. పని అవసరమే. కాదని ఎవరూ అనరు. కానీ కాలువ కింద రెండో పంట లేదంటే అక్కడ కూలి పని లేదు. కూలి లేదంటే ప్లాట్‌ఫారం మీద ఇంకో ముప్ఫై మంది. పొద్దున స్టేషన్‌లో చూసినదానికీ, హొసపేటలో ఒక గేటు గొలుసుకూ ఉన్న సంబంధం నాకు ఆ బిందె దగ్గర నిలబడినప్పుడే అర్థమైంది.

నది మా పక్కనే పారుతుంది. రాజోలిబండ కుడికాలువకు నాలుగు టీఎంసీలు కేటాయించి చాలా ఏళ్లయింది. వేదవతి ఎత్తిపోతల పథకం ఉంది. రెండూ ఇంకా పూర్తి కాలేదు.

గింజ ఇక్కడ, గుడ్డ ఎక్కడ?

సాయంత్రం మా పత్తి కొన్న మిల్లుకు తూకం కోసం వెళ్లాం. జిన్నింగ్ మిల్లు లోపల మాట వినపడదు. వంద కిలోల పత్తి పోస్తే దాదాపు 34 కిలోల దూది, 64 కిలోల గింజ వస్తాయి. మిగతాది దుమ్ము, తరుగు. దూదిని నొక్కి 170 కిలోల బేళ్లు కడతారు. గింజ నూనెకూ, చెక్క పశువుల దాణాకూ పోతాయి. బేళ్లు లారీ ఎక్కి కోయంబత్తూరు వైపో, ఇంకెటో పోతాయి. అక్కడ నూలు, ఇంకోచోట గుడ్డ, ఇంకోచోట చొక్కా. ఆ చొక్కాలు మళ్లీ ఆదోని బజారుకే వచ్చి దిగుతాయి.

ఇట్లాగే జరగాలని రాసిపెట్టి లేదు. ఆదోనికి ముప్ఫై కిలోమీటర్ల లోపు ఉన్న ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. నూలు ఇచ్చి, నేసిన గుడ్డను సంఘమే కొని అమ్మే పద్ధతి. చుట్టుపక్కల నేతగాళ్లు సావుకారి అప్పు నుంచి బయటపడటానికి అది దారి చూపింది. ఎమ్మిగనూరు దుప్పట్లు, గుడ్డలు దూరప్రాంతాల దాకా పోయాయి. సోమప్పకు 1954లో పద్మశ్రీ వచ్చింది. సంఘం వెనకటి వెలుగులో ఇప్పుడు లేదు. కానీ పత్తి పండే చోటే గుడ్డ తయారై, ఆ డబ్బు ఇక్కడే తిరగొచ్చని ఈ కరువు నేల మీద ఒకాయన చేసి చూపించాడు. ఆ కాలంలో సుగ్గి లేదని కాదు. కానీ మగ్గం ఉన్న ఇంటికి తాళం పడేది కాదని మా ఊరి పెద్దోళ్లు చెబుతారు.

ఈ మధ్య ఆదోనిలో ఎక్కువ వినిపించేది జిల్లా మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు నంద్యాల జిల్లా అయింది, ఆదోని కర్నూలులోనే డివిజన్‌గా ఉండిపోయింది. జిల్లా చేయాలని దీక్షలు, బంద్‌లు జరుగుతున్నాయి. హొళగుంద నుంచి కర్నూలు కలెక్టరేటుకు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది కాబట్టి ఆ కోరిక న్యాయమే. నాకు మాత్రం ఇంకో ఆశ కూడా ఉంది. బోర్డు మీద జిల్లా పేరు మారినా, పత్తి బేలుగానే లారీ ఎక్కితే ప్లాట్‌ఫారం మీది పాప సంచిలోకి పుస్తకాలు రావు. ఒక నూలు మిల్లు, నాలుగు కుట్టు యూనిట్లు, కాలువలో నీళ్లు వస్తే, ఆ పాప తల్లికి గుంటూరు పోయే అవసరం సగం తగ్గుతుంది.

మూడో తీత

తూకం, లెక్క అయ్యేసరికి చీకటి పడింది. ఎమ్మిగనూరు బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చున్న నాయన లోపలి జేబు మీద చేయి తీయలేదు. నేను చిన్నప్పుడు చూసినట్టే.

"నాయనా, నిజంగా బెంగళూరు వస్తావా?" అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పత్తి వద్దన్నా గానీ సేను వద్దనలేదు రా" అన్నాడు. "నాలుగెకరాలూ పత్తే పెట్టి వాన కోసం మొగం ఎత్తుకోని కూసునేది వద్దు. రెండెకరాలు కందులు, కొర్రలు ఏస్తా. ఇంట్లోకన్నా వస్తాయి."

"మరి కౌలు?"

"మీయమ్మతో కొట్లాడి అన్నె లే ఆ మాట."

ఊళ్లో రెండు రోజులున్నాను. మూడో తీత పత్తి మిద్దె మీద పరిచి, ఎండ తిరిగినప్పుడల్లా అమ్మా నేనూ తిరగేశాం. యాప్‌లో నాయన పేరు, ఆధార్, సేను వివరాలు ఎక్కించాను. ఓటీపీ నాయన పాత ఫోన్‌కు వచ్చింది. అద్దాలు పెట్టుకుని ఒక్కో అంకె గట్టిగా చదివాడు. స్లాట్ వచ్చే బుధవారానికి దొరికింది.

బెంగళూరుకు తిరిగొచ్చిన ఆ బుధవారం మధ్యాహ్నం మీటింగులో ఉండగా ఫోన్ మోగింది. బయటికొచ్చి ఎత్తాను.

"తేమ తొమ్మిదిన్నర చూపిచ్చింది రా" అన్నాడు నాయన. వెనక మిల్లు చప్పుడు. "తీసుకున్నారు. పైసలు బ్యాంకులో పడతాయంట, కొన్నాళ్లకు. పడినాయో లేదో నువ్వే సూసి చెప్పాల."